ఆర్మీ జవాను విడాకుల పిటిషన్ వేసే ముందు జాగ్రత్తలు

హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవారికి ఇవి వర్తిస్తాయి. పెళ్లయి ఏడాది నిండకపోతే ప్రత్యేక అనుమతి లేకుండా కోర్టు పిటిషన్ తీసుకోదు.

▢ లాయరు కంటే ముందు లీవు లెక్క చూసుకోండి. పరస్పర అంగీకారమైతే (సెక్షన్ 13బి) ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేసిన 6 నెలల తర్వాత, 18 నెలల్లోపు ఇద్దరూ మళ్లీ రావాలి. అంటే కనీసం రెండు లీవులు. ఆ 6 నెలలను కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నమ్ముకుని టికెట్లు మాత్రం బుక్ చేయకండి.

▢ ఆర్మీ చట్టం 1950, సెక్షన్ 32 కింద యూనిట్ నుంచి లీవు సర్టిఫికెట్ తెచ్చి కోర్టులో వేయండి. వీలైనంతవరకు ఆ లీవులోనే విచారణ ముగించేలా కోర్టు చూడాలి.

▢ అదే ఆర్మీ చట్టం సెక్షన్ 28 ప్రకారం సివిల్ కోర్టుకు జీతాన్ని జప్తు చేసే వీల్లేదు. ఇది చూసి ధీమాగా ఉండేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. భార్య అర్జీ పెట్టుకుంటే సెక్షన్ 91 కింద ఆర్మీయే జీతంలోంచి భరణం కోస్తుంది: భార్యకు 22 శాతం, ఒక్కో బిడ్డకు 5.5 శాతం, మొత్తం 33 దాటకుండా. ఇంటికి డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. చేతికిచ్చిన నగదుకు రుజువుండదు.

▢ ఆస్తులు, అప్పుల అఫిడవిట్‌కు పే స్లిప్పులు, ఫండ్ స్టేట్‌మెంట్ సిద్ధం చేసుకోండి.

▢ విడాకుల డిక్రీ కాపీ యూనిట్‌కిచ్చి పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) వేయించండి, నామినేషన్లు మార్చండి. అప్పీలు గడువు ముగియకుండా మరో పెళ్లి వద్దు.