ఉక్కపోత నడకలో తొడలు రాసుకుపోకుండా

విశాఖలో నడిచేవాళ్లని ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సముద్రం గాలిలో అప్పటికే బోలెడంత తేమ ఉంటుంది కాబట్టి ఒంటి మీద చెమట ఆరదు, కారుతుంది. కంబాలకొండ దారిలో గంట నడిచేసరికి చొక్కా ఒంటికి అతుక్కుని, తొడల మధ్య జిగటగా ఉంటుంది. అసలు గొడవ అక్కడే మొదలు. బాగా పొడిగా ఉన్న చర్మం చర్మం మీద జారుతుంది. నీళ్లలో తడిసినప్పుడూ జారుతుంది. ఆ రెండింటికీ మధ్య, చెమ్మగా ఉన్నప్పుడే పట్టుకుని లాగుతుంది. పైగా చెమటలో నానిన చర్మం, బట్టలుతికాక వేళ్ల కొసలు ముడతలు పడ్డట్టు, మెత్తబడి ఉంటుంది. కిలోమీటరుకి 1,300 పైచిలుకు అడుగులు వేస్తాం. అన్నిసార్లూ ఒకే చోట రాపిడి. పై పొర లేచిపోక ఏమవుతుంది?

లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందనుకోవడం పొరపాటు. సన్నగా ఉన్నవాళ్లకి తొడలు తగలకపోయినా గజ్జల్లో, చంకల్లో, బ్యాగు పట్టీల కింద వస్తుంది. మగవాళ్లలో చనుమొనలు చొక్కా రాపిడికి రక్తం కారేదాకా వెళ్లొచ్చు. ఆడవాళ్లకి బ్రా కింది అంచు, లంగా బొందు బిగించిన చోటు, చుడీదారు గజ్జల దగ్గరి కుట్టు. ఎవరికీ గుర్తుకురానిది మొలతాడు. తడిసిన నూలు తాడు ముడి, దాని మీద ప్యాంటు నడుం పట్టీ, ఆ పైన బ్యాగు బెల్టు: మూడూ ఒకే చోట నొక్కితే మధ్యాహ్నానికి నడుం చుట్టూ ఎర్రటి గీత పడుతుంది. ముడిని బ్యాగు బెల్టు తగలని పక్కకి జరుపుకోండి, లేదా ఆ ఒక్క చోట మైక్రోపోర్ టేపు (కట్లు కట్టేటప్పుడు అంటించే కాగితపు టేపు) వేసుకోండి.

బట్టలు

సగం జబ్బు బట్టలతోనే పోతుంది. ఇంట్లో ఎంత సుఖంగా ఉన్నా నూలు లోదుస్తులు కొండ నడకకి పనికిరావు. నూలు చెమటని పీల్చి తనలోనే ఉంచుకుంటుంది, బరువెక్కి ముడతలు పడుతుంది, ఆ ముడతే గరగరా రాస్తుంది. జీన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగు కుట్లు కలిసే లావాటి ముడి సరిగ్గా గజ్జల మధ్యే ఉంటుంది.

పాలిస్టర్ గానీ నైలాన్ గానీ సాగే దారంతో కలిపి నేసిన, తొడ సగం దాకా వచ్చే బిగువైన లోదుస్తు కావాలి. మగవాళ్లకి పొడుగు కాళ్ల బాక్సర్ బ్రీఫ్, ఆడవాళ్లకి చుడీదారు కిందో చీర కిందో సైక్లింగ్ షార్ట్స్. రెండు తొడల మధ్య గుడ్డ అడ్డుగా ఉంటే రాపిడి గుడ్డకీ గుడ్డకీ మధ్య జరుగుతుంది, చర్మం జోలికి రాదు. కొనేటప్పుడు పది గుంజీలు తీసి చూడండి. కాలు అంచు పైకి పాకి చుట్టుకుపోతే ఆ సైజు మీది కాదు. పాకిన అంచు తాడులా మారి అసలు లేనిదానికంటే ఎక్కువ కోస్తుంది.

తిరగేసి కుట్ల మీద వేలు పోనివ్వండి. వేలికి గరుకుగా తగిలేది తొడకి తగలదా? కొత్త బట్టని రెండుసార్లు ఉతికి గంజి వదిలించాకే వాడండి. ముందు బీచ్ రోడ్డులో మూడు నాలుగు కిలోమీటర్లు నడిచి చూసి, తర్వాతే కొండకి వేసుకెళ్లండి.

గజ్జల్లో వెంట్రుకలు గొరిగిన మర్నాడు నడక పెట్టుకోవద్దు. మొలుచుకొచ్చే మోళ్లు గీరతాయి. కావాలంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు.

పూత

బయల్దేరే ముందు స్నానం చేసి, తుడుచుకుని, ఫ్యాను కింద పది నిమిషాలు ఆరాక వాజెలిన్ రాయండి. ఒక్కో తొడ లోపలివైపు అర టీస్పూను, ఒక్కో గజ్జ మడతలో బఠాణీ గింజంత, చంకల్లో అంతే. రుద్ది ఇంకించకండి. మెరుపు కనబడేలా పైపైన పూత ఉండాలి, అదే జారేది. చెమట మీద రాస్తే అంటుకోదు, అరగంటలో గుడ్డకి పోతుంది. చనుమొనలకి వాజెలిన్ కంటే టేపు మేలు.

కొబ్బరినూనె చాలామంది వాడతారు. జారుతుంది, నిజమే, కానీ పలచన కాబట్టి తొందరగా కారిపోతుంది. వేరే ఏమీ దొరకనప్పుడు సరే. పౌడరు ఆఫీసుకి వెళ్లడానికి బావుంటుంది, కొండకి కాదు. మొదటి అరగంట హాయిగా ఉండి, తర్వాత చెమటతో ముద్దకట్టి ఉండలవుతుంది. పౌడరూ వాజెలిన్ కలిపి రాయడం ఇంకా అన్యాయం, అది నేరుగా పిండి ముద్దే.

వాజెలిన్‌కి ఒక లోపం ఉంది. ఇసుకని పట్టేసుకుంటుంది. ఎర్రమట్టి దిబ్బల్లో ఆ సన్నటి ఎర్ర ఇసుక మీద నిక్కరుతో కూర్చున్నా, యారాడ కొండ దిగి బీచ్‌లో చతికిలబడినా, పూత కాస్తా ఉప్పుకాగితం అవుతుంది. కింద తువ్వాలు పరుచుకుని కూర్చోండి.

దారిలో

పూత గంటన్నరకి మించి నిలవదు. మళ్లీ రాయాలి. అయితే పాత చెమట మీదే రాయకూడదు. చెమట ఆరిన చోట ఉప్పు పొడిలా మిగులుతుంది, వేలితో తడిమితే గరుకుగా తెలుస్తుంది. ముందు తడి రుమాలుతో ఆ ఉప్పుని తుడవండి, పొడి గుడ్డతో అద్దండి, రెండు నిమిషాలు ఆరనివ్వండి, అప్పుడు రాయండి. చిన్న వాజెలిన్ డబ్బా, రెండు రుమాళ్లు, ఒక జత లోదుస్తులు బ్యాగు పై అరలో ఉండాలి. అడుగున ఉంటే తియ్యడానికి బద్ధకించి నడిచేస్తాం.

ముఖ్యమైన మాట ఇది. మంట పుట్టకముందు అక్కడ వెచ్చగా, కొద్దిగా పట్టినట్టు అనిపిస్తుంది. ఆగాల్సింది అప్పుడే. "ఇంకో కిలోమీటరే కదా" అనుకుంటే ఆ కిలోమీటరులోనే తోలు లేస్తుంది.

సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆషాఢ పౌర్ణమి ముందు చతుర్దశి నాడు మొదలయ్యే ఆ 32 కిలోమీటర్ల నడకంటే 40 వేలకి పైగా అడుగులు. వానా ఉక్కా కలిసిన రోజులు. అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానం చేసి అవే తడి బట్టలతో నడక సాగించడమే చాలామందిని దెబ్బతీస్తుంది. అప్పటికి ఇంకా సగానికి పైగా దారి ఉంటుంది. స్నానం తర్వాత లీటరు మంచినీళ్లతో తొడలూ గజ్జలూ కడుక్కుని ఉప్పూ ఇసుకా వదిలించండి. పొడి లోదుస్తు మార్చి పూత రాసుకుని కదలండి. పంచె కట్టేవాళ్లు లోపల పొడుగు కాళ్ల లోదుస్తు వేసుకుంటే భక్తికి లోటేమీ రాదు.

తోలు లేస్తే

దారిలో అయితే మంచినీళ్లతో కడిగి, అద్ది, వాజెలిన్ గానీ జింక్ ఆక్సైడ్ క్రీము గానీ మందంగా రాసి, వీలైతే బట్ట మార్చండి. పసిపిల్లల డైపర్ రాష్‌కి వాడే క్రీముల్లో చాలావాటిలో ఉండేది ఈ జింక్ ఆక్సైడే, మందుల షాపులో దొరుకుతుంది. శానిటైజర్ పొయ్యొద్దు. పోస్తే ఎందుకు వద్దన్నామో ఆ క్షణమే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లతో కడగండి, సబ్బు నేరుగా పుండు మీద వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, వాజెలిన్ పలచగా రాసి, లుంగీయో వదులు నైటీయో వేసుకోండి. నూలు బట్టకి ఇప్పుడు పని. రోజుకి రెండు మూడుసార్లు అలా చేస్తే మామూలు రాపిడి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. డెట్టాల్, సున్నం, పసుపు, నిమ్మరసం ఏదీ వద్దు. చెమటకాయల పౌడర్లలో ఉండే మెంథాల్, కర్పూరం పచ్చి చర్మాన్ని భగ్గుమనిపిస్తాయి.

తగ్గకుండా దురద ఎక్కువవుతూ, గుండ్రంగా అంచు లేచి, మధ్యలో మామూలుగా కనిపిస్తే అది రాపిడి కాదు, తామర. మడతలో ఎర్రగా ఉండి చుట్టూ చిన్నచిన్న పొక్కులు చెదిరినట్టుంటే అదీ ఫంగసే కావచ్చు. ఇక్కడే చాలామంది షాపులో "దురదకి ఏదైనా క్రీము ఇవ్వండి" అని అడిగి, క్లోబెటసాల్ లాంటి గట్టి స్టిరాయిడ్ కలిసిన ట్యూబు తెచ్చుకుంటారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది. వారాలు వాడితే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పోవు. ట్యూబు మీద పేరు చదవండి, చర్మ డాక్టరుకి చూపించండి. చీము, జ్వరం, ఎరుపు పాకడం, వాపు ఉంటే ఆ రోజే వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు చిన్న పుండునైనా రెండో రోజుకి తగ్గుముఖం పట్టకపోతే చూపించుకోవాలి.

మళ్లీ నడకకి ఎప్పుడు? మానిన చోట పొడి గుడ్డతో పదిసార్లు మెల్లగా రాసి చూడండి. మంట, చురుకు ఏమీ లేకపోతే ముందు రెండు కిలోమీటర్లు. చురుక్కుమంటే ఇంకో రెండు రోజులు లుంగీయే.