అమ్మానాన్న అమెరికా వస్తున్నారా? టికెట్ కొనేముందే ఇమిగ్రేషన్ క్యూ గురించి ఆలోచించండి

విజిట్ వీసా మీద మొదటిసారి వచ్చే పెద్దవాళ్లకు, అంతసేపు విమానంలో కూర్చుని దిగాక మళ్లీ క్యూలో నిలబడటమే అసలు కష్టం. ఆ క్యూ ఎంత పొడవుంటుందనేది చాలావరకు మీరు కొనే టికెట్‌ని బట్టే ఉంటుంది, కాబట్టి రేటు ఒక్కటే చూసి కొనేయకండి.

ముందు సీబీపీ (ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్‌లో ఎయిర్‌పోర్ట్ వెయిట్ టైమ్స్ పేజీ తెరవండి. ఎయిర్‌పోర్టు, తేదీలు ఇస్తే ఏ గంటలో దిగినవాళ్లకు ఎంతసేపు పట్టిందో చూపిస్తుంది. సగటుతో సరిపెట్టుకోకుండా గరిష్ఠం ఎంతో చూడండి, టెన్షన్ పెట్టేది అదే.

కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే ఇంకా జాగ్రత్త. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అవ్వాలి, బ్యాగులు తీసుకోవాలి, కస్టమ్స్ దాటి వాటిని మళ్లీ అప్పజెప్పాలి, మళ్లీ సెక్యూరిటీకి వెళ్లాలి. గంటన్నర గ్యాప్‌తో టికెట్ అమ్ముతారు గానీ కొనకండి. పెద్దవాళ్లకు కనీసం మూడు గంటలుండాలి, మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడే ఫ్లైట్ మిస్సయినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది.

ఎతిహాద్ ఎయిర్‌లైన్‌లో అబుదాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. ఇక్కడ దిగాక దేశంలోపలి ఫ్లైట్ దిగినట్టే బయటికి వచ్చేయొచ్చు. కాకపోతే అబుదాబిలో ఆ పనికి తగినంత టైమ్ ఉండేలా చూసుకోండి.

మీరు సిటిజన్లో గ్రీన్‌కార్డువాళ్లో అయితే మొబైల్ పాస్‌పోర్ట్ కంట్రోల్ యాప్ (ఇమిగ్రేషన్ వివరాలు ఫోన్‌లోనే ముందుగా ఇచ్చేది) వాడుకోవచ్చు, కానీ విజిట్ వీసా మీద వచ్చే మీవాళ్లకు అది పనిచేయదు. ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకు టికెట్‌తోపాటే వీల్‌చైర్ అడగండి, మొహమాటం వద్దు.

మీ అడ్రసు, ఫోన్ నంబరు, రిటర్న్ టికెట్ ప్రింట్ తీసి అమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టించండి. హాల్లో ఫోన్ వాడనివ్వరు కాబట్టి వాట్సాప్‌లో పంపామంటే లాభం లేదు. ఎవరి దగ్గరికి వచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడుగుతారు. "మా అబ్బాయి దగ్గరికి, నాలుగు నెలలు" అని సూటిగా చెబితే చాలు. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని చెప్పి ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. వయసు పైబడినవాళ్ల వేళ్లు పొడిబారి ముద్రలు ఒక పట్టాన పడవు, దిగేముందు చేతులకు కొంచెం క్రీమ్ రాసుకోమనండి.

ఆవకాయ, పొడులు తెస్తే ఉన్నాయని చెప్పేయాలి, దాచి దొరికితే జరిమానా పడొచ్చు. ఇంటికొచ్చాక ఆన్‌లైన్‌లో ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ప్రభుత్వం పెట్టే రికార్డు) తీసి ఎప్పటిదాకా ఉండొచ్చో చూడండి. వీసా మీదున్న తేదీ కాదు, ఐ-94లో ఉన్న తేదీయే లెక్క.