మలక్‌పేట రేసు వార్తలను తూకం వేసి చదవడం ఎలా: నల్లగొండ, పాలమూరు అభిమానుల కోసం

మన దక్షిణ తెలంగాణ జిల్లాలకూ మలక్‌పేట రేసుకోర్సుకూ ఉన్న సంబంధం పాతది. 1868లో మౌలాలిలో మొదలైన హైదరాబాద్ రేసులను 1886లో తన మహబూబ్ మాన్షన్ భవనానికి దగ్గరగా ఉండాలని మలక్‌పేటకు మార్పించినది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చినది కూడా ఆయన మీదుగానే. ఉల్లిగడ్డలతోనో మిరప బస్తాలతోనో మలక్‌పేట గంజ్ మార్కెట్‌కు వెళ్లిన రైతుకు, నల్లగొండ చౌరస్తా దగ్గర బస్సు దిగిన ఉద్యోగికి రేసుకోర్సు కొత్త చోటేమీ కాదు. అయితే చోటు తెలిసినంత మాత్రాన రేసు తెలిసినట్టు కాదు. నగరంలో ఉన్నవాడు తెల్లవారుజామున గుర్రాల కసరత్తు గురించి నలుగురిని అడిగి తెలుసుకోగలడు. నల్లగొండలోనో జడ్చర్లలోనో ఉన్న అభిమానికి అందేవి మాత్రం పత్రికలో అచ్చయిన నాలుగు పంక్తులు, స్నేహితుడి ఫోను, టీ కొట్టు దగ్గర వినబడే మాట. వాటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో తెలుసుకోవడమే దూరాన ఉన్న అభిమాని మొదట నేర్చుకోవలసిన విద్య.

ఏ రేసు వార్త చేతికి వచ్చినా, ముందుగా అందులో చూసి చెప్పినది ఎంత, అనుకుని చెప్పినది ఎంత అని రెండుగా విడదీయండి. "ఈ గుర్రం గత పరుగులో 1400 మీటర్ల రేసులో చివరి 200 మీటర్ల వరకు ముందుండి, రెండు లెంగ్త్‌ల తేడాతో మూడో స్థానంలో నిలిచింది" అన్నది చూసి చెప్పిన మాట. (ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు, సుమారు ఎనిమిది అడుగులు.) ఫలితాల పట్టిక తీసి ఎవరైనా సరిచూసుకోవచ్చు. "ఈసారి దీనికి తిరుగులేదు" అన్నది అనుకున్న మాట. రెండో రకం మాట పనికిరాదని నేను అనను, ఎందుకంటే ఏళ్ల తరబడి రేసులు చూసినవారి అంచనాకు విలువ ఉంటుంది. కానీ ఆ అంచనా వెనుక మొదటి రకం మాట ఒక్కటైనా లేకపోతే దానిని పక్కన పెట్టడమే మేలు. "అన్నా, మూడో రేసుల ఏడో నంబరు పక్కా అంట" అని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ 'అంట' ఎక్కడ మొదలైందో అడగండి. ట్రైనర్ దగ్గరా, గుర్రాన్ని చూసుకునే సైసు దగ్గరా, లేక నిన్న సాయంత్రం ఇంకొక టీ కొట్టు దగ్గరా? సాధారణంగా జవాబు మూడోదే అవుతుంది.

ఇక రేసు బుక్కు, అంటే ఆ రోజు రేసుల, గుర్రాల, అవి మోసే బరువుల వివరాలుండే పుస్తకం. వార్తలు చదవడానికి ముందే దీనిని చదవాలి, లేకపోతే ఇతరుల అభిప్రాయమే మన కళ్లద్దాలై కూర్చుంటుంది. హ్యాండిక్యాప్ రేసు అంటే గుర్రాల సత్తాను బట్టి వాటికి బరువు వేసే రేసు; అటువంటి ప్రతి రేసుకూ ఒక రేటింగ్ పరిధి, అంటే సత్తాకు ఇచ్చిన అంకెల హద్దు, ఉంటుంది. ఉదాహరణకు 40 నుంచి 65 వరకు రేటింగ్ ఉన్న గుర్రాల రేసులో 65కు దగ్గరగా ఉన్న గుర్రం ఎక్కువ బరువు మోస్తుంది, 40కి దగ్గరగా ఉన్నది తక్కువ మోస్తుంది; మన దేశంలో సాధారణంగా ఒక రేటింగ్ పాయింటుకు అర కిలో లెక్క. గెలిచిన గుర్రానికి రేటింగ్ పెరుగుతుంది, అంటే తదుపరి పరుగులో దాని వీపు మీద బరువూ పెరుగుతుంది. కాబట్టి "గత రేసులో గెలిచింది" అన్న వార్త చదవగానే వెంటనే చూడవలసినది, అప్పుడు ఎన్ని కిలోలు, ఇప్పుడు ఎన్ని కిలోలు అన్న సంగతి. మైలు దూరంలో దాదాపు ఒక కిలో ఒక లెంగ్త్‌కు సమానమని అనుభవజ్ఞులు లెక్క వేసుకుంటారు. ఒక లెంగ్త్ తేడాతో గెలిచిన గుర్రానికి ఈసారి నాలుగు కిలోలు పెరిగి, రెండో స్థానంలో వచ్చిన దానికి బరువు పెరగకపోతే, పాత ఫలితం తిరగబడే అవకాశం ఎంత ఉందో ఆ లెక్కే చెబుతుంది. శిక్షణలో ఉన్న అప్రెంటిస్ జాకీ ఎక్కితే కొంత బరువు మినహాయింపు దొరుకుతుంది, దానిని కూడా కలిపి చూడాలి. అయితే అనుభవం లేని చేతిలో కళ్లెం ఉన్నప్పుడు ఆ మినహాయింపు పూర్తిగా లాభం కాదని నా అభిప్రాయం, ముఖ్యంగా మలుపులో గుర్రాలు ఒకదానికొకటి ఒరుసుకునే పొడవాటి రేసుల్లో.

దూరం మార్పును కూడా ఇదే పద్ధతిలో చూడండి. 1200 మీటర్లలో చివర మందగించే గుర్రాన్ని 1600 మీటర్లలో దించితే వార్తల్లో ఎంత పొగడ్త ఉన్నా అనుమానించవలసిందే. 1200లో ఆలస్యంగా ఊపందుకుని ముగింపు దగ్గర దూసుకువచ్చే గుర్రానికి అదే మార్పు మేలు చేస్తుంది. గోల్కొండ డెర్బీ వంటి 2400 మీటర్ల రేసు వచ్చేసరికి తండ్రి గుర్రం, తల్లి గుర్రం ఏ దూరాల్లో గెలిచాయన్న సంగతి కూడా పనికొస్తుంది.

అభిమానుల మధ్య అన్నింటికంటే ఎక్కువ చర్చ జరిగేది, అన్నింటికంటే ఎక్కువ అపార్థం పుట్టేది ఉదయం కసరత్తు వార్తల మీదనే. పత్రికల్లో ట్రాక్ వర్క్ పేరుతో వచ్చే ఆ చిన్న పంక్తులను నిదానంగా చదవడం అలవాటు చేసుకోవాలి. ఒక గుర్రం పేరు పక్కన '1000/1-15, 600/44' అని ఉందనుకోండి. అది వెయ్యి మీటర్లు ఒక నిమిషం 15 సెకన్లలో పరుగెత్తింది, అందులో చివరి 600 మీటర్లకు 44 సెకన్లు తీసుకుంది అని దాని భావం. మొత్తం 75 సెకన్లలో 44 తీసివేస్తే మొదటి 400 మీటర్లకు 31 సెకన్లు పట్టింది. 200 మీటర్ల ముక్కలుగా చూస్తే మొదట ఒక్కో ముక్కకు 15.5 సెకన్లు, చివర ఒక్కో ముక్కకు 14.7 సెకన్లు. అంటే ఆ గుర్రం నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ ముగించింది. పక్కనే మరో గుర్రానికి '1000/1-14, 600/46' అని ఉంటే, పై చూపుకు అది ఒక సెకను వేగంగా వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ లెక్క వేస్తే మొదటి 400 మీటర్లు 28 సెకన్లలో దాటేసి, తరువాత 200కు 15.3 సెకన్ల చొప్పున మందగించిందని తెలుస్తుంది. మొత్తం సమయం మాత్రమే చూసేవారు రెండో దానిని మెచ్చుకుంటారు. నేనైతే మొదటి దాని పేరు కింద గీత గీసుకుంటాను.

అంకెల పక్కన ఉండే చిన్న మాటలు కూడా అంత ముఖ్యమైనవే. బ్రాకెట్లలో జాకీ పేరుందా, లేక రైడింగ్ బాయ్ అని సూచించే 'ఆర్‌బీ' అన్న అక్షరాలున్నాయా? రేసులో ఎక్కబోయే జాకీయే స్వయంగా కసరత్తు చేయిస్తే, ఆ గుర్రం మీద దాని ట్రైనర్ శిబిరానికి ఆసక్తి ఉందని అనుకోవడానికి కొంత ఆధారం దొరికినట్టే. 'మూవ్డ్ ఈజీ' అంటే తొందర పెట్టకుండానే ఆ సమయం వచ్చిందని, 'అర్జ్డ్' లేదా 'పుష్డ్' అంటే రౌతు అదిలించవలసి వచ్చిందని అర్థం; 44 సెకన్లు రెండింటికీ ఒకటే అయినా విలువ ఒకటి కాదు. రెండు గుర్రాలు జంటగా పరుగెత్తినప్పుడు 'మొదటిది మూడు లెంగ్త్‌లు ముందు' అని రాస్తారు. ఇక్కడ వెనుకబడినది ఏ స్థాయి గుర్రమో చూడకపోతే ఆ వాక్యానికి అర్థమే లేదు, ఎందుకంటే ఇంకా ఒక్క రేసైనా గెలవని గుర్రాన్ని మూడు లెంగ్త్‌లు దాటడం వేరు, గుర్తింపు పొందిన గుర్రాన్ని అంతే దూరం దాటడం వేరు. చివరిగా, ఇసుక ట్రాక్ లోపలి వైపు తీసుకున్న సమయాన్ని బయటి వైపు సమయంతో పోల్చకండి. బయటి వైపు దారి ఎక్కువ.

వర్షాకాలపు సీజన్‌లో ఇంకొక సంగతి తోడవుతుంది. నేల ఎంత మెత్తగా ఉందో పెనెట్రోమీటర్ అనే సాధనంతో కొలిచి, ఆ అంకెను ప్రకటిస్తారు. అంకె పెరిగిన కొద్దీ నేల మెత్తబడిందని అర్థం. నల్లగొండలో వాన పడినంత మాత్రాన మలక్‌పేటలో పడిందనుకోకండి, ప్రకటించిన అంకెనే నమ్మండి. బురదలో బాగా పరుగెత్తే గుర్రాలు కొన్నే ఉంటాయి. గత ఏడాది ఇదే కాలంలో ఆ గుర్రం ఎలా పరుగెత్తిందో చూసుకుంటే అభిప్రాయాలు సగం తేలిపోతాయి.

రేసుకోర్సుకు స్వయంగా వెళ్లగలిగితే, మనవాళ్లకు నగరవాసుల కంటే ఒక మెరుగు ఉందని నేను గట్టిగా నమ్ముతాను. దేవరకద్ర సంతలో జత ఎద్దులను కొనేముందు వాటిని పది అడుగులు నడిపించి, గిట్ట ఎక్కడ పడుతోందో, వెనుక కాలు ఎలా లేస్తోందో చూసే కన్ను మన పల్లెల్లో ఇంకా ఉంది. ప్యాడాక్ దగ్గర కావలసినది ఆ కన్నే. రేసుకు ముందు గుర్రాలను అక్కడ గుండ్రంగా నడిపిస్తారు. నడకలో వెనుక గిట్ట, ముందు గిట్ట పడిన గుర్తును దాటి పడుతోందా చూడండి. దాటితే అడుగు సాగుతోందని అర్థం. చర్మం మెరుస్తూ, పక్కటెముకలు లీలగా కనబడుతూ, కడుపు వేలాడకుండా ఉంటే కసరత్తు సరిపోయిందన్నమాట. వెనుక తొడల మధ్య తెల్లని నురగ చెమట పట్టి, తల విదిలిస్తూ, సైసును ఈడ్చుకుపోయే గుర్రం రేసుకు ముందే తన శక్తిని ఖర్చు చేసుకుంటోంది. అయితే ఉక్కపోత రోజుల్లో అన్నింటికీ చెమట పడుతుంది కాబట్టి, ఒక గుర్రాన్ని విడిగా కాక తక్కినవాటి పక్కన పెట్టి చూడాలి. మొదటిసారి కళ్లకు బ్లింకర్లు (పక్కచూపును అడ్డే గంతలు) కట్టారా అన్నది కూడా గమనించండి. పక్కచూపులు చూస్తూ పరుగు చెడగొట్టుకునే గుర్రానికి అవి ఒక్కోసారి ఎంతో మార్పు తెస్తాయి.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవారు ఎంజీబీఎస్ బస్టాండులో దిగి మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే మలక్‌పేట. మొదటి రేసుకు గంట ముందు చేరుకోండి. హడావుడిగా వచ్చినవాడు ప్యాడాక్ చూడలేడు, పక్కవాడి మాటే వింటాడు.

పందెం విషయం కూడా దాచకుండా చెప్పాలి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. నైపుణ్యం ఉన్నంత మాత్రాన నష్టం రాదని దాని అర్థం కాదు. భారతీయ రేసుల చరిత్రలో మహా గుర్రాలుగా పేరుపొందిన స్క్వాండరర్ 19 పరుగుల్లో 18, ఎలూసివ్ పింపర్‌నెల్ 23 పరుగుల్లో 22 గెలిచాయి. ఆ రెండూ కూడా ఒక్కో రోజు ఓడిపోయాయి. ఇక 'పక్కా' అన్న మాటను ఏ గుర్రానికి తగిలిస్తారు? పందెం మొత్తం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం జీఎస్టీ పడుతోంది; అంతకుముందు అది 28 శాతం. పదివేల రూపాయలు దాటిన గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను మూలంలోనే కోత పెడతారు. ఇన్ని కోతల తరువాత దీనిని సంపాదన మార్గంగా చూపేవారు మీ మేలు కోరేవారు కారు. రేసుకోర్సు బయట, పట్టణాల్లో ఫోన్ల మీద పందేలు కట్టించుకునేవారి జోలికి అసలే పోకండి. అది చట్టవిరుద్ధం, పైగా వాళ్లు చెప్పే 'లోపలి వార్త' మీ డబ్బు ఏ గుర్రం మీదికి పోవాలని వాళ్లు కోరుకుంటున్నారో చెబుతుంది తప్ప, ఏ గుర్రం గెలుస్తుందో చెప్పదు. పైసా కట్టకుండా రేసు చూసి ఆనందించే అభిమానులు ఉన్నారు, వాళ్ల అంచనాలే తరచుగా నిష్పాక్షికంగా ఉంటాయని నా గమనింపు.

వీటన్నింటికీ ఒక నోటు పుస్తకం కావాలి. రేసుకు ముందురోజు రాత్రి ప్రతి రేసుకూ మీ అంచనా, దానికి ఒక్క వాక్యంలో కారణం రాయండి. పక్క గడిలో ఆ గుర్రం గురించి ఎవరు ఏమన్నారో, చూసి అన్నారా విని అన్నారా అన్నది రాయండి. ఫలితం వచ్చాక రాస్తే లాభం లేదు, ఎందుకంటే గెలిచిన గుర్రాన్ని అందరూ ముందే చెప్పినట్టు అప్పుడు గుర్తుకొస్తుంది. సీజన్ సగానికి వచ్చేసరికి, ఏ పత్రిక అంచనా కాస్త నిలుస్తోందో, మీ బృందంలో ఎవరి మాటలో పస ఉందో ఆ పుటలే చూపిస్తాయి.

రేసు ముగిశాక మాత్రం ఓడిన గుర్రాల వార్తలే శ్రద్ధగా చదవండి. గేటు దగ్గర ఆలస్యంగా బయలుదేరినదా, మలుపులో దారి దొరకక జాకీ కళ్లెం బిగించవలసి వచ్చిందా, రేసులను పర్యవేక్షించే స్టీవార్డుల విచారణలో దాని గురించి ఏమన్నారు, ముగింపు దగ్గర అది ఇంకా వేగం పెంచుతోందా అన్నవి రాసుకోండి. ఫలితాల పట్టికలో ఆరో స్థానం అని మాత్రమే కనిపించే అటువంటి గుర్రం, రెండు మూడు వారాల తరువాత అదే దూరంలో, కాస్త తగ్గిన రేటింగ్‌తో మళ్లీ రేసు బుక్కులో కనబడినప్పుడు, టీ కొట్టు దగ్గర దాని పేరు ఎవరి నోటా వినబడదు. మీ పుస్తకంలో మాత్రం ఉంటుంది.