తల్లిపాలు చాలుతున్నాయా? లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

డబ్బా పాల సీసా మీద గీతలుంటాయి కాబట్టి బిడ్డ ఎంత తాగిందో కంటికి కనిపిస్తుంది. రొమ్ము పట్టిన బిడ్డ విషయంలో ఆ సౌకర్యం లేదు. అందుకే బాలింత ఉన్న ఇంట్లో ప్రతి ఏడుపుకీ ఒకే తీర్పు వినిపిస్తుంది: "పాలు చాలడం లేదు." ఆ తీర్పుకు ఆధారమేమిటని ఎవరూ అడగరు.

ఆధారం చూడాలంటే ఎక్కడ చూడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్తన్యపాన శిక్షణ పాఠాల్లో స్పష్టంగా ఉంది. పాలు చాలడం లేదని నమ్మకంగా చెప్పగల గుర్తులు రెండే. ఒకటి, బిడ్డ నెలకు 500 గ్రాములు కూడా పెరగకపోవడం. రెండు, మూత్రం రోజుకు ఆరుసార్ల కంటే తక్కువగా, కొద్దికొద్దిగా, ముదురు రంగులో రావడం. ఏడుపు, నిద్ర, రొమ్ము మెత్తదనం, పంపులో పడిన పాలు అనుమానానికి పనికొస్తాయి కానీ రుజువుకు పనికిరావు. లోపలికి వెళ్ళింది కొలవలేనప్పుడు బయటికి వచ్చింది లెక్కపెట్టాలి, ఒంటికి పట్టింది తూయాలి.

లెక్కలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళవలసినవి

బిడ్డను లేపినా లేవకపోవడం, లేచినా రొమ్ము పట్టలేకపోవడం, మొదటి కొన్ని రోజులు దాటిన బిడ్డ ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం, నడినెత్తిన మాడు గుంట పడటం, నోరు ఎండిపోవడం, పసుపు రంగు అరచేతులకూ అరికాళ్ళకూ పాకడం, జ్వరం, లేదా ఒళ్ళు చల్లబడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో చిట్కాలు ప్రయత్నిస్తూ కూర్చోకూడదు. రాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకండి.

"మూడో రోజుకే బరువు తగ్గిపోయింది"

మొదటి కొన్ని రోజుల్లో బిడ్డ పుట్టిన బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలే. 3 కిలోల బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు వచ్చిందంటే కంగారు పడనక్కర్లేదు. తగ్గుదల 10 శాతానికి చేరితే మాత్రం పాలు పట్టించే తీరును డాక్టరో నర్సో స్వయంగా చూడాలి. సిజేరియన్ సమయంలో తల్లికి సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే ఆ నీరు బిడ్డకూ చేరి పుట్టిన బరువు కాస్త ఎక్కువగా నమోదవుతుంది. ఆ నీరు పోగానే తగ్గుదల ఎక్కువగా కనిపిస్తుంది. ఈ సంగతి డాక్టరుకు గుర్తుచేయడంలో తప్పులేదు.

ముర్రుపాలు తొలిరోజున పూటకు కొన్ని మిల్లీలీటర్లే వస్తాయి, బిడ్డకు అవే చాలు. అసలు పాలు పడేది సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య. రెండు వారాలు నిండేసరికి పుట్టిన బరువు తిరిగి రావాలి. రాకపోతే అది నిజమైన సమస్య.

"డైపర్ల లెక్క కుదరడం లేదు"

మొదటి రోజుల్లో రోజుకొకటి చొప్పున పెరుగుతుంది: తొలిరోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు. అయిదారు రోజులు దాటాక 24 గంటల్లో కనీసం ఆరుసార్లు బాగా తడవాలి. విరేచనం రంగు కూడా ఒక లెక్కే. మొదట నల్లగా జిగటగా, మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చగా, అయిదో రోజుకు ఆవపిండి రంగులోకి మారాలి. అయిదో రోజు తరువాత కూడా నల్లగానే ఉంటే లోపలికి పాలు సరిగా వెళ్ళడం లేదని అర్థం.

లెక్క తప్పడానికి మామూలు కారణం డైపరే. ఇప్పటి డైపర్లు తడిని ఎంత బాగా పీల్చుకుంటాయంటే, బిడ్డ ఒకసారి పోసిందో మూడుసార్లు పోసిందో చేతికి తెలియదు. కొత్త డైపరులో మూడు పెద్ద చెంచాల నీళ్ళు పోసి చేతిలో పట్టుకుని చూడండి, బాగా తడిసినది ఎంత బరువుంటుందో తెలుస్తుంది. మొదటి పది రోజులూ పగటిపూట పాత నూలు గుడ్డలు కడితే ఇంకా నయం. ఉతుకుడు పెరుగుతుంది కానీ ఏ తడి ఎప్పుడు వచ్చిందో తేలిపోతుంది.

రెండో కారణం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. బిడ్డకు నీళ్ళో, చక్కెర నీళ్ళో, గ్రైప్ వాటరో పడుతుంటే మూత్రం లెక్క నిండుగానే కనిపిస్తుంది, బరువు మాత్రం కదలదు. నీళ్ళు పొట్ట నింపి పాల చోటు ఆక్రమిస్తాయి. మే నెల ఎండలకైనా సరే, ఆరు నెలల లోపు తల్లిపాలు తాగే బిడ్డకు విడిగా నీళ్ళు అక్కర్లేదు. నాయనమ్మ ప్రేమతో పట్టే ఆ రెండు చెంచాలు ఆపాకే డైపర్ల లెక్కను నమ్మండి.

డైపరు మీద ఇటుక రంగు పొడి లాంటి మరక మొదటి రెండు మూడు రోజుల్లో కనిపిస్తే భయం లేదు. అది రక్తం కాదు, మూత్రం చిక్కగా ఉందనడానికి గుర్తు. అయిదో రోజు తరువాత కూడా కనిపిస్తే పాలు తక్కువవుతున్నాయి. ఆరు వారాలు దాటిన బిడ్డ రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం దాకా విరేచనం చేయకపోయినా, బరువు పెరుగుతూ, వెళ్ళినప్పుడు మెత్తగా వెళితే అది మలబద్ధకం కాదు.

"ప్రతిసారీ నలభై నిమిషాలు తాగుతోంది, అయినా బరువు పెరగడం లేదు"

ఫోనులో పాల లెక్క యాప్‌లు పెట్టుకున్నవారికి ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. ఎడమవైపు ఇరవై నిమిషాలు, కుడివైపు ఇరవై నిమిషాలు, రోజుకు పదిసార్లు. యాప్‌లో పట్టిక నిండుగా ఉంటుంది. కానీ ఆ యాప్ కొలిచింది బిడ్డ రొమ్ము దగ్గర గడిపిన సమయాన్నే. ఒక బిడ్డ పది నిమిషాల్లో కడుపు నింపుకుంటుంది, మరొకటి గంటసేపు నోట్లో పెట్టుకుని నిద్రపోతుంది.

చూడవలసింది గుటకలు. మొదట బిడ్డ చిన్నగా, వేగంగా చీకుతుంది. పాలు చేపుకు రాగానే తీరు మారి నెమ్మదిగా, లోతుగా చీకుతుంది. గడ్డం బాగా కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, గుటక పడుతుంది. ఆ చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినిపిస్తుంది. గుటకలు లేకుండా పెదవులు మాత్రమే కదులుతుంటే ఆ సమయాన్ని లెక్కలో వేయకండి.

గుటకలు పడకపోవడానికి ముఖ్య కారణం పట్టు సరిగా లేకపోవడం. బిడ్డ చనుమొనను మాత్రమే పట్టుకుంటే పాలు రావు, తల్లికి నొప్పి మిగులుతుంది. సరైన పట్టులో నోరు ఆవులించినంత తెరుచుకుని ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, గడ్డం రొమ్ముకు ఆనుతుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం పై పెదవి వైపే ఎక్కువగా కనిపిస్తుంది. బుగ్గలు గుంటలు పడినా, చప్ చప్ మని శబ్దం వచ్చినా, నోటి చివర శుభ్రమైన చిటికెన వేలు పెట్టి పట్టు విడిపించి మళ్ళీ పెట్టించండి. బిడ్డ తల ఒక్కటే కాకుండా ఒళ్ళంతా తల్లి వైపు తిరిగి, పొట్టకు పొట్ట ఆనాలి. మీరు బిడ్డ మీదికి వంగకండి, బిడ్డను మీ దగ్గరికి తెచ్చుకోండి.

పట్టు బాగున్నా బిడ్డ మధ్యలోనే నిద్రలోకి జారుకుంటే బట్టలు తీసి చర్మానికి చర్మం తగిలేలా పట్టుకోండి. చీకడం ఆగినప్పుడు రొమ్మును అరచేత్తో నెమ్మదిగా నొక్కి పాలు నోట్లోకి జారేలా చేయండి. గుటకలు పూర్తిగా ఆగాక రెండో వైపుకు మార్చండి. బరువు సరిగా పెరిగేదాకా పగలూ రాత్రీ రెండు మూడు గంటలకోసారి లేపి పట్టాలి, 24 గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. కామెర్లున్న బిడ్డలు ఎక్కువ మత్తుగా ఉంటారు. "హాయిగా నిద్రపోతోంది, కడుపు నిండింది" అని మురిసిపోయేది ఇలాంటి బిడ్డను చూసే.

ఇవన్నీ చేసినా వారంలో బరువు కదలకపోతే కారణం ఇంకెక్కడో ఉంటుంది. నాలుక కింద పొర బిగుతుగా ఉండటం బిడ్డ వైపు కారణం. థైరాయిడ్ లోపం, కాన్పులో రక్తం ఎక్కువగా పోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు తల్లి వైపు కారణాలు. వెల్లుల్లి, మెంతులతో ఇవి నయం కావు, డాక్టరు చూడాలి. పథ్యం పేరిట బాలింతకు నీళ్ళు తగ్గించే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. అది మానేయాలి. దాహం వేసినంత తాగాలి, ఆకలి వేసినంత తినాలి.

"పంపు పెడితే 30 మిల్లీలీటర్లే పడ్డాయి"

బిడ్డ నోరు చేసే పని పంపు చేయలేదు. పంపును చూస్తే పాలు చేపుకు రాని తల్లులు ఎందరో ఉన్నారు. బిడ్డ తాగిన వెంటనే పంపు పెడితే మిగిలినవే పడతాయి. పంపు గరాటు చనుమొనకు సరిపడే కొలతలో లేకపోయినా పాలు తగ్గుతాయి. కాబట్టి పంపులో పడినవి పంపుకు వచ్చిన పాలే, బిడ్డకు వచ్చే పాలు కావు. ఆ అంకెను పాల లెక్కలో రాసుకోకండి.

"డబ్బా పాలు పెడితే గటగటా తాగేసింది, అంటే ఆకలేగా?"

కాకపోవచ్చు. నోట్లో ఏదైనా పెడితే చీకడం నెలల బిడ్డకు సహజం. సీసాను పైకెత్తితే పాలు వాటంతటవే కారుతాయి, మింగక తప్పదు. ఆ తరువాత బిడ్డ ఎక్కువసేపు నిద్రపోతుంది, తరువాతి పూట రొమ్ము పట్టదు. పట్టకపోతే పాలు ఊరడం తగ్గుతుంది. పదిహేను రోజుల్లో "చూశావా, పాలు చాలడం లేదని చెప్పానుగా" అన్న మాట నిజమై కూర్చుంటుంది. పాలు తక్కువై డబ్బా రావడం ఒక కథ, డబ్బా వచ్చి పాలు తగ్గడం ఇంకో కథ. మన ఇళ్ళలో రెండోది తక్కువేమీ కాదు.

డాక్టరు అదనంగా పట్టమని చెప్పినప్పుడు మొహమాటం లేకుండా పట్టాలి. వీలైతే పిండిన తల్లిపాలే, సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో. ఎన్ని మిల్లీలీటర్లు పట్టారో రాసుకోండి. బరువు పెరుగుతున్నకొద్దీ ఆ అంకెను డాక్టరు సలహాతో తగ్గించుకుంటూ రావచ్చు.

"సాయంత్రమైతే రొమ్ము వదలదు", "రొమ్ములు మెత్తబడిపోయాయి"

రెండూ మామూలే. సాయంత్రం గంటకోసారి తాగడం, మూడో వారంలో, ఆరో వారంలో ఒకటి రెండు రోజులు తెగ తాగడం ఎక్కువ మంది బిడ్డలు చేసేదే. ఆరు వారాలకు పాల ఉత్పత్తి బిడ్డ అవసరానికి సర్దుకుంటుంది, మొదటి వారాల బిగువు పోతుంది. డైపర్లూ బరువూ బాగుంటే ఏమీ చేయవద్దు.

"త్రాసు రోజుకో మాట చెబుతోంది"

కారణం సాధారణంగా త్రాసే. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కే త్రాసు మీద బిడ్డనెత్తుకుని నిలబడి తీసివేత చేస్తే 100 గ్రాములు అటూ ఇటూ పోతాయి. బిడ్డ రోజుకు పెరిగేది మొదటి మూడు నెలల్లో 25 నుంచి 30 గ్రాములు మాత్రమే. వారానికోసారి, ఒకే త్రాసు మీద, బట్టల్లేకుండా తూయండి. ఆశా కార్యకర్త కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి, తూయాలి. ఆ బరువులను తల్లీబిడ్డల రక్షణ కార్డులో రాయించుకోండి. అందులోని పెరుగుదల గీతలు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినవి. తల్లిపాలు తాగే బిడ్డలను ఆరు దేశాల్లో కొలిచి వాటిని తయారుచేశారు, వాటిలో మన దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. మీ బిడ్డ గీత పక్కింటి బొద్దు బిడ్డ గీతకు కింద ఉన్నా ఫరవాలేదు, తన దారిలో తాను పైకి వెళుతుంటే చాలు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు డాక్టరు పూటపూటకూ తూయమని చెప్పవచ్చు. దానికి 5 గ్రాముల తేడా చూపే త్రాసు కావాలి. తాగకముందు 3,480 గ్రాములు, తాగాక అదే బట్టతో, అదే డైపరుతో 3,545 వస్తే, బిడ్డ తాగింది సుమారు 65 మిల్లీలీటర్లు. మధ్యలో డైపరు మార్చితే లెక్క పోయినట్లే. ఒక్క పూట అంకెతో ఏమీ తేలదు, 24 గంటలవీ కలపాలి. ఆరోగ్యంగా పెరుగుతున్న బిడ్డకు ఈ పని పెట్టుకోకండి, తల్లికి నిద్ర లేకుండా పోవడం తప్ప ఒరిగేది లేదు.

"ఉద్యోగానికి వెళుతున్నాను, ఎన్ని పాలు ఉంచాలి?"

మొదటి నెల దాటాక ఆరు నెలల దాకా బిడ్డ రోజు మొత్తానికి సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతుంది. 500 తాగే బిడ్డలూ ఉంటారు, లీటరు దాటేవారూ ఉంటారు. డబ్బా పాల మాదిరి నెలనెలా పెంచుకుంటూ పోనక్కర్లేదు. రోజుకు ఎనిమిదిసార్లు తాగే బిడ్డకు పూటకు 100 మిల్లీలీటర్లు. మీరు లేని తొమ్మిది గంటల్లో మూడు పూటలు వస్తే 300, ఇంకో 50 చేతిలో ఉంచండి.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఆగుతాయి. మన వేసవిలో గది ఎప్పుడూ 25కు పైనే కాబట్టి పిండగానే ఫ్రిజ్‌లోకి, తలుపు వైపు కాకుండా లోపలి అరలోకి. బిడ్డ నోరు పెట్టిన పాలు మిగిలితే రెండు గంటల్లో వాడాలి, లేదా పారబోయాలి. చూసుకునేవారిని పోసిన కొలత కాకుండా తాగిన కొలత రాయమనండి. 100 పోసి 30 పారబోస్తే, రాయవలసింది 70.