డిమ్మర్ తిప్పితే ఎల్‌ఈడీ రెపరెపలాడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

డిమ్మర్ (లైటు వెలుగును తగ్గించి, పెంచే నాబ్) మీద ఎల్‌ఈడీ సరిగా పనిచేయకపోతే చాలామంది మొదట బల్బు మారుస్తారు, తర్వాత డిమ్మర్ మారుస్తారు. రెండూ మార్చినా రెపరెప పోదు. తప్పు చాలాసార్లు బల్బుదీ కాదు, డిమ్మర్‌దీ కాదు. ఆ రెంటికీ జత కుదరలేదంతే. అందుకే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయాలి. దానికి కావలసింది పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒక్కటే, 40 లేదా 60 వాట్లది. లోపల తీగలా కనిపించే ఎల్‌ఈడీ ఫిలమెంటు బల్బు పనికిరాదు. వేడెక్కే అసలైన బల్బే కావాలి.

ఒక్క బల్బుతో పరీక్ష

ఒకే డిమ్మర్ మీద నాలుగు ఎల్‌ఈడీ బల్బులుంటే ఒకటి తీసి, ఆ హోల్డర్లో ఫిలమెంటు బల్బు పెట్టండి. డిమ్మర్‌ను నెమ్మదిగా కింది నుంచి పైదాకా తిప్పుతూ చూడండి.

మిగిలిన ఎల్‌ఈడీలు నిలకడగా వెలిగితే, డిమ్మర్‌కు కావలసిన కనీస లోడు, అంటే అది సరిగా పనిచేయడానికి దాని మీద ఉండాల్సిన కనీస వాట్లు, లేదన్నమాట. ఫిలమెంటు బల్బు నిలకడగా ఉండి ఎల్‌ఈడీలు మాత్రం రెపరెపలాడుతుంటే, ఆ బల్బులకు డిమ్ అయ్యే గుణం లేదు, లేదా ఈ రకం డిమ్మర్‌తో పొసగడం లేదు. ఫిలమెంటు బల్బు కూడా మిణుకుమంటే డిమ్మర్ పాడైంది, లేదంటే ఎక్కడో వైరు వదులైంది.

ఫాల్స్ సీలింగ్‌లో డౌన్‌లైట్లే ఉండి హోల్డరు లేకపోతే, మెయిన్ ఆపించి, ఏదో ఒక డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగిన కరెంటు అందించే సర్క్యూటు) ఇన్‌పుట్ దగ్గర వేలాడే హోల్డర్‌ను సమాంతరంగా కలిపించుకుని ఇదే పరీక్ష చేయవచ్చు.

వెలుగు తగ్గించినప్పుడు రెపరెప

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. కారణం తెలిస్తే మిగతా సమస్యల్లో సగం అర్థమవుతాయి.

మన ఇళ్లలోని మామూలు డిమ్మర్‌లో ట్రయాక్ అనే భాగం ఉంటుంది. కరెంటు సెకనుకు 50 సైకిళ్లు తిరుగుతుంది కాబట్టి, ట్రయాక్ ప్రతి అరసైకిల్‌కు ఒకసారి, అంటే సెకనుకు 100 సార్లు, దాన్ని కొంతసేపు ఆపి, తర్వాత వదులుతుంది. ఒకసారి తెరుచుకున్నాక అది తెరుచుకునే ఉండాలంటే దాని గుండా కొన్ని మిల్లీయాంపుల కరెంటు ఆగకుండా పారుతూ ఉండాలి. 60 వాట్ల ఫిలమెంటు బల్బు 230 వోల్టుల దగ్గర సుమారు 260 మిల్లీయాంపులు తీసుకుంటుంది కనుక ఆ చిక్కే లేదు. 9 వాట్ల ఎల్‌ఈడీ తీసుకునేది దాదాపు 40 నుంచి 60 మిల్లీయాంపులే. అదీ సమంగా కాదు, గుటకలు గుటకలుగా తీసుకుంటుంది. డిమ్ చేసిన కొద్దీ అది ఇంకా తగ్గి, గుటకకూ గుటకకూ మధ్య ట్రయాక్ మూసుకుపోతుంది. మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. ఫిలమెంటు అయితే వేడిగా ఉండి ఈ తేడాను కప్పేసేది. ఎల్‌ఈడీ ప్రతి కుదుపునూ కంటికి చూపిస్తుంది.

పరిష్కారం ఈ వరసలో చూడండి. ముందు బల్బు పెట్టె మీద "డిమ్మబుల్" అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడాలి. ఏమీ రాయకపోతే డిమ్ కాదనే లెక్క. చవకలో దొరికే మామూలు 9 వాట్ల బల్బులు వోల్టేజీ తగ్గినా అదే వెలుగు ఇచ్చేలా తయారైనవి. వాటిని డిమ్మర్ మీద పెట్టడం వాటి స్వభావానికే విరుద్ధం.

డిమ్మబుల్ బల్బే అయితే, డిమ్మర్ మీద కనీస లోడు ఎంతని రాసుందో చూడండి. పాత డిమ్మర్లలో చాలావాటికి 40, 60 వాట్ల కనీస లోడు కావాలి. నాలుగు 7 వాట్ల బల్బులు కలిపినా 28 వాట్లే. ఇలాంటి చోట ఎల్‌ఈడీ కోసమే తయారైన డిమ్మర్ వేయించడమే సరైన మార్గం. అందులోనూ ట్రెయిలింగ్ ఎడ్జ్ రకం అడగండి. మామూలు ట్రయాక్ డిమ్మర్ అరసైకిల్ మొదటి భాగాన్ని కోస్తుంది, ఇది చివరి భాగాన్ని కోస్తుంది. కరెంటు ఒక్కసారిగా ఎగదన్నదు కాబట్టి ఎల్‌ఈడీ డ్రైవర్లకు ఎక్కువగా ఇదే నప్పుతుంది. అయితే బల్బు పెట్టె మీద ఏ రకం డిమ్మర్ వాడాలో రాసి ఉంటే ఆ మాటే చివరి మాట.

ఫిలమెంటు బల్బును శాశ్వతంగా లోడుగా వదిలేయమని కొందరు ఎలక్ట్రీషియన్లు చెబుతారు. పని జరుగుతుంది కానీ, ఎల్‌ఈడీ పెట్టుకుని ఆదా చేసిన కరెంటు అందులోనే పోతుంది. డిమ్మర్ కంపెనీ ఇచ్చే బైపాస్ లోడు (కనీస లోడు లోటు తీర్చే చిన్న భాగం) దొరికితే అది వేయించుకోండి.

ఫ్యాన్ రెగ్యులేటర్‌నే డిమ్మర్‌గా వాడితే

మాడ్యులర్ బోర్డుల్లో రెండూ ఒకే సైజులో, ఒకే రకం నాబ్‌తో వస్తాయి. అందుకే ఈ పొరపాటు చాలా ఇళ్లలో ఉంది. 1 నుంచి 5 అంకెలు ఉండి, టకటకమంటూ తిరిగే రెగ్యులేటర్లో ఉండేవి కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు దాచి వదిలే భాగాలు). అవి ఫ్యాన్ మోటారుకు తగ్గట్టు లెక్కకట్టినవి. ఎల్‌ఈడీ వాటి మీద 1లో ఉన్నా 5లో ఉన్నా ఒకేలా వెలుగుతుంది, లేదా కింది అంకెల దగ్గర మిణుకుమంటుంది. ఇది రిపేరుకు లొంగేది కాదు, డిమ్మర్ వేయాల్సిందే. లైటు డిమ్మర్‌ను ఫ్యాన్‌కు పెట్టడమూ తప్పే. మోటారు గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది.

ఏ స్థాయిలో పెట్టినా మిణుకుమంటే

ఫుల్లులో పెట్టినా లైటు ఉండుండి మిణుకుమంటుంటే, అదీ గదిలో మిగతా లైట్లతో కలిపి అయితే, డిమ్మర్ సంగతి పక్కన పెట్టండి. ముందు న్యూట్రల్ వదులైందేమో చూడాలి. బోర్డు ప్లేటు గోరువెచ్చగా తగలడం, కాలిన ప్లాస్టిక్ వాసన, లోపల చిటచిట శబ్దం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని బ్రేకర్ స్విచ్చు) దించేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నిప్పు పుట్టేది ఇక్కడే.

పంపు మోటారు, గ్రైండరు వేసిన క్షణంలో మాత్రమే లైటు ఉలిక్కిపడితే అది వోల్టేజీ పడిపోవడం. వెలుగు బాగా తగ్గించి ఉన్నప్పుడు చిన్న తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది. కనిష్ఠ స్థాయిని కొంచెం పైకి జరిపితే చాలావరకు తగ్గుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే గోల

లైన్ కరెంటులో చక్కగా ఉండి, ఇన్వర్టర్ మీదకు మారగానే లైటు కొట్టుకోవడం, డిమ్మర్ జుయ్‌మనడం మొదలైతే ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమేమో చూడండి. డిమ్మర్ లెక్క అంతా వోల్టేజీ సున్నా నుంచి మెల్లగా లేచి మెల్లగా దిగడం మీద ఆధారపడింది. స్క్వేర్ వేవ్‌లో అది గోడలా నిటారుగా లేస్తుంది. దాంతో డిమ్మర్ సమయం తప్పుతుంది, డ్రైవర్లోని కెపాసిటర్లకు ప్రతిసారీ దెబ్బ తగులుతుంది.

అలాంటప్పుడు డిమ్మర్ ఉన్న లైట్ల వైరును ఇన్వర్టర్ లైను నుంచి తప్పించి, ఆ గదిలో ఒక మామూలు బల్బును ఇన్వర్టర్ మీద పెట్టుకోవడం చవకైన దారి. కొత్తగా కొనేవాళ్లు, లైన్ కరెంటులాగే వోల్టేజీ మెల్లగా లేచి దిగే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. డిమ్మర్లు ఉన్న ఇంట్లో దీని మీద పొదుపు చేయొద్దు.

ఆపేసినా సన్నగా వెలుగుతోంది

రాత్రి లైటార్పాక బల్బు గుడ్డిగా మెరుస్తూ ఉండటానికి, లేదా కొన్ని సెకన్లకోసారి తళుక్కుమనడానికి మూడు కారణాలుంటాయి.

మొదటిది, ప్రమాదకరమైనది: స్విచ్చును ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో కలపడం. స్విచ్చు ఆపినా హోల్డర్లో ఫేజు ఉంటుంది. స్విచ్చు ఆఫ్‌లో ఉంచి, బల్బు తీసి, హోల్డరు పిన్నుల్ని ఒక్కొక్కటిగా టెస్టర్‌తో ముట్టి చూడండి. బాగా వెలిగితే వైరింగ్ తిరగబడిందనే అనుమానించాలి. టెస్టర్ సన్నగా మాత్రమే వెలిగితే అది పక్క వైరు నుంచి తాకకుండానే వచ్చే కొద్దిపాటి వోల్టేజీ (ప్రేరణ) కావచ్చు, ఫిలమెంటు బల్బు పెడితే వెలగదు. అనుమానం నిజమైతే ముందు వైరింగ్ సరిచేయించాలి. బల్బు మార్చే వాళ్లకు షాక్ కొట్టే ఏర్పాటు అది.

రెండోది, ఎర్రటి చిన్న ఇండికేటర్ ఉన్న స్విచ్చు. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ ఇండికేటర్ వెలిగేది మీ బల్బు గుండా పారే కరెంటుతోనే. అది డ్రైవర్లోని కెపాసిటర్‌ను మెల్లగా నింపుతుంది. నిండగానే బల్బు తళుక్కుమంటుంది. ఇండికేటర్ లేని స్విచ్చు వేస్తే ఆగిపోతుంది.

మూడోది, న్యూట్రల్ వైరు లేకుండా పనిచేసే టచ్, రిమోట్ డిమ్మర్లు. వాటి సర్క్యూటు బతకాలంటే బల్బు గుండానే కొంచెం కరెంటు లాక్కోవాలి. బోర్డులోకి న్యూట్రల్ తెప్పించి, న్యూట్రల్ కలిపే రకం డిమ్మర్ పెట్టుకోవడం మేలు.

మామూలు స్విచ్చు మీద ఈ మెరుపును ఆపడానికి 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఎక్స్-2 తరగతి (మెయిన్స్ కరెంటుకు నేరుగా వాడదగిన) కెపాసిటర్‌ను 100 ఓమ్‌ల రెసిస్టర్‌తో వరసగా కలిపి, బల్బుకు సమాంతరంగా పెడతారు. డిమ్మర్ లైనులో మాత్రం ఇది పెట్టొద్దు. ట్రయాక్ డిమ్మర్ ప్రతి అరసైకిల్‌లో ఆ కెపాసిటర్‌ను ఒక్క దెబ్బతో నింపుతుంది. ఆ రెసిస్టర్‌లోనే అర వాటు దాకా వేడి పుడుతుంది. చిన్న రెసిస్టరైతే కాలిపోతుంది.

శబ్దం

ముందు చెవి పెట్టి వినండి, డిమ్మర్‌లోంచా, బల్బులోంచా? డిమ్మర్‌లో ఉండే చోక్ (తీగచుట్ట) నుంచి వచ్చే సన్నని గుయ్‌మనే శబ్దం ప్రమాదం కాదు, కానీ పడకగదిలో భరించలేం. సగం వెలుగు దగ్గర శబ్దం ఎక్కువై, ఫుల్లులో తగ్గిపోతే మామూలు ట్రయాక్ డిమ్మర్ లక్షణమే అది. ట్రెయిలింగ్ ఎడ్జ్‌కు మారితే చాలావరకు పోతుంది. బల్బులోంచి వస్తే ఒక్క బల్బును వేరే కంపెనీది పెట్టి చూడండి.

పూర్తిగా తగ్గడం లేదు, తగ్గిస్తే మళ్లీ వెలగడం లేదు

ఎల్‌ఈడీని 10 శాతానికి తగ్గించినా మసకగా అనిపించకపోతే అది కంటి సంగతి. వెలుగు కొలిచే మీటరు 10 శాతం చూపే వెలుగు మన కంటికి దాదాపు 30 శాతంలా తోస్తుంది. చాలా బల్బులు అంతకన్నా కిందికి దిగవు. సినిమా చూసేటప్పుడు బాగా మసక కావాలంటే 1 శాతం దాకా దిగుతుందని రాసి ఉన్న డ్రైవర్ వెతకాలి.

నాబ్ కిందికి తిప్పి ఆపి, మళ్లీ వేస్తే వెలగకపోవడం, కొంచెం పైకి తిప్పగానే ఒక్కసారిగా వెలగడం కనిష్ఠ స్థాయి మరీ కింద పెట్టినందువల్ల జరుగుతుంది. ఎల్‌ఈడీ డిమ్మర్లలో ప్లేటు కింద చిన్న స్క్రూ ఉంటే దాంతో సరిచేయవచ్చు. నాబ్‌ను అన్నిటికన్నా కిందికి తిప్పి, అన్ని బల్బులూ నిలకడగా వెలిగేదాకా స్క్రూను కొంచెం కొంచెంగా జరపండి. పది నిమిషాలు ఆపి, చల్లబడ్డాక కింది స్థాయిలోనే వేసి చూడండి. ఒక్కటైనా వెలగకపోతే ఇంకాస్త జరపాలి. స్క్రూ కోసం డిమ్మర్‌ను బోర్డులోంచి బయటికి లాగాల్సి వస్తే, జరిపిన ప్రతిసారీ మెయిన్ ఆపాల్సిందే.

డిమ్మర్ వేడెక్కడం, త్వరగా పోవడం

400 వాట్లని రాసి ఉంది కదా అని 9 వాట్ల బల్బులు నలభై పెట్టేస్తే పోతుంది. ఆ 400 ఫిలమెంటు లెక్క. ఎల్‌ఈడీలు వేసిన క్షణంలో, ప్రతి అరసైకిల్ మొదట్లో లాగే కరెంటు వాటి వాట్లకు ఎన్నో రెట్లుంటుంది. ఎల్‌ఈడీకి ఎంతో విడిగా రాసి ఉంటే అది పాటించండి. రాయకపోతే మామూలు ట్రయాక్ డిమ్మర్‌కు పదో వంతు, అంటే 400 వాట్లదానికి 40 వాట్లు దాటకుండా చూసుకోండి. ఒకే పెట్టెలో రెండు డిమ్మర్లు పక్కపక్కన బిగిస్తే ఒకదాని వేడి ఇంకోదానికి తోడవుతుంది. ఇంకాస్త తగ్గించాలి.

కోవ్‌లో (సీలింగ్ అంచు గాడిలో) స్ట్రిప్ లైటు

12 వోల్టుల స్ట్రిప్‌కు మామూలు ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టులను 12 వోల్టులకు దించే పెట్టె) ఉంటే, దానికి ముందు, 230 వోల్టుల వైపు డిమ్మర్ పెట్టకూడదు. ఎస్‌ఎంపీఎస్ ఆగుతూ వెలుగుతూ కొట్టుకుంటుంది. డిమ్మర్ స్థానం ఎస్‌ఎంపీఎస్‌కూ స్ట్రిప్‌కూ మధ్య. అది పీడబ్ల్యూఎం రకం (కరెంటును వేగంగా వేసి ఆపుతూ వెలుగు తగ్గించేది) కావాలి. మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ 5 మీటర్లంటే 72 వాట్లు, 12 వోల్టుల దగ్గర 6 యాంపులు. ఎస్‌ఎంపీఎస్ 100 వాట్లది, డిమ్మర్ 8 యాంపులది తీసుకోండి. ఫోన్ కెమెరాలో చారలు కదులుతూ కనిపిస్తే డిమ్మర్ వేగం తక్కువన్నమాట. 1000 హెర్ట్జ్ పైన ఉన్నది అడగండి. స్ట్రిప్ చివర మసకబారితే అది డిమ్మర్ తప్పు కాదు, వైరులో వోల్టేజీ పడిపోవడం. రెండు చివర్ల నుంచీ కరెంటు ఇవ్వండి.

ఒక బల్బు ముందే ఆరిపోతోంది

ఒకే డిమ్మర్ మీద వేర్వేరు కంపెనీల బల్బులు పెడితే, తగ్గించేటప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక ఆరుతాయి. ఒకే కంపెనీవైనా వేర్వేరు బ్యాచులైతే డ్రైవర్ మారి ఉండొచ్చు. కొనేటప్పుడే అవసరానికి మించి రెండు ఎక్కువ తీసుకుని, బ్యాచ్ నంబరు ఉన్న పెట్టెతో సహా దాచుకోండి. ఏడాదికో రెండేళ్లకో ఒకటి పోయినప్పుడు, మొత్తం వరస మార్చే పని తప్పుతుంది.