మాడ్‌లు వేశాక స్కైరిమ్ క్రాష్ అవుతోందా? ముందు ఎప్పుడు పడిపోతోందో చూడండి

మాడ్‌లు (గేమ్‌ని మార్చడానికి ఆటగాళ్లు తయారుచేసిన ఫైళ్లు) వేసిన స్కైరిమ్ గేమ్ క్రాష్ అయిందనగానే చాలామంది చేసేది ఒకటే. కనబడిన మాడ్‌లన్నీ గబగబా తీసేయడం, అయినా పోకపోతే గేమ్ మొత్తం అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ మొదటి నుంచి వేసుకోవడం. ఓ రాత్రంతా అలా పోయాక, తిరిగి అవే మాడ్‌లు వేస్తాం కాబట్టి అదే క్రాష్ మళ్లీ వస్తుంది. అసలు గేమ్ ఏ క్షణంలో పడిపోతోంది అన్న దాంట్లోనే సగం జవాబు ఉంటుంది. లోగో దగ్గరా, సేవ్ లోడ్ చేసేటప్పుడా, ఆడుతుంటే ఒకే చోటా, లేక ఎక్కడ పడితే అక్కడా? వీటి కారణాలు వేరు, మందులూ వేరు.

నేను చెప్పేది పీసీలో ఆడే స్పెషల్ ఎడిషన్ గురించి, అంటే 2016లో వచ్చినది, 2021 నవంబరులో యానివర్సరీ అప్‌డేట్ కలిసినది. 2011 నాటి పాత ఎడిషన్‌కి చెప్పిన చిట్కాలు దీనికి పెట్టకండి, ఆ మాడ్‌లు కూడా ఉన్నవి ఉన్నట్టు తెచ్చి వేయకండి.

మెయిన్ మెనూ కూడా రాకుండానే పడిపోతుంటే నూటికి తొంభై పాళ్లు వెర్షన్ గొడవే. గేమ్ ఫోల్డర్‌లో స్కైరిమ్ ఎస్‌ఈ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి, వెర్షన్ నంబర్ అక్కడే ఉంటుంది. 1.5.97 అయితే దానికి ఎస్‌కేఎస్‌ఈ (చాలా మాడ్‌లు ఆధారపడే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ ప్రోగ్రామ్) 2.0.20 కావాలి, 1.6.640కి 2.2.3, 1.6.1170కి 2.2.6. గాగ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో కొన్న గేమ్‌కి ఎస్‌కేఎస్‌ఈ బిల్డ్ వేరుగా ఉంటుంది, స్టీమ్‌ది అందులో పెడితే నడవదు. డీఎల్‌ఎల్ ఫైల్ (గేమ్‌తో పాటు నడిచే ప్రోగ్రామ్ ముక్క) ఉన్న ప్రతి మాడ్‌కీ ఇదే సంగతి, మీ గేమ్ వెర్షన్‌కి కట్టినదే కావాలి. చాలా డీఎల్‌ఎల్ మాడ్‌లకి కావాల్సిన అడ్రస్ లైబ్రరీ మాడ్‌లో కూడా 1.5కి ఒక ఫైల్, 1.6కి ఇంకొకటి ఉన్నాయి, తొందరలో ఒకదాని బదులు ఇంకోటి దించుకునేవాళ్లు బోలెడుమంది. నిన్నటిదాకా బాగానే ఆడి, ఏమీ ముట్టుకోకుండానే ఇవాళ పడిపోతోందంటే రాత్రికి రాత్రి స్టీమ్ గేమ్‌ని అప్‌డేట్ చేసిందేమో చూడండి. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి, లాంచ్ చేసినప్పుడే అప్‌డేట్ చేయమని పెట్టి, ఆ తర్వాత ఎప్పుడూ ఎస్‌కేఎస్‌ఈ లోడర్ నుంచే గేమ్ తెరవండి, స్టీమ్ ప్లే బటన్ జోలికి పోవద్దు.

వెర్షన్లన్నీ సరిపోయినా మెనూ దగ్గరే పోతుంటే మిస్సింగ్ మాస్టర్ ఉన్నట్టు. అంటే ఒక ప్లగిన్ (మాడ్ చేసే మార్పులు ఉండే ఫైల్) ఇంకో ప్లగిన్ మీద ఆధారపడుతుంది, ఆ రెండోది మీ దగ్గర లేదు. మాడ్‌లని సర్దే మాడ్ ఆర్గనైజర్ 2 ప్రోగ్రామ్‌లో ఆ ప్లగిన్ పక్కన హెచ్చరిక గుర్తు వస్తుంది, మౌస్ దాని మీద పెడితే ఏది లేదో పేరుతో సహా చెబుతుంది. ఇంతకంటే తేలిగ్గా దొరికే క్రాష్ ఇంకోటి లేదు, అయినా ఆ గుర్తును పట్టించుకోరు. ఇంకో కారణం కూడా ఉంది, ఇది తెలియక చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. ఈమధ్య వచ్చిన కొన్ని ప్లగిన్ల హెడర్ (ఫైల్ మొదట్లో ఉండే వెర్షన్ గుర్తు) 1.71, పాత గేమ్ వెర్షన్లకి అది అర్థం కాక మొదట్లోనే పడిపోతాయి. 1.5.97లోనో 1.6.640లోనో ఉండిపోయినవాళ్లు బ్యాక్‌పోర్టెడ్ ఎక్స్‌టెండెడ్ ఈఎస్‌ఎల్ సపోర్ట్ అనే చిన్న మాడ్ వేసుకుంటే సరిపోతుంది. ప్లగిన్ల లెక్క కూడా ఓసారి చూసుకోండి, మామూలు ప్లగిన్లు 254 దాటకూడదు, ఈఎస్‌ఎల్ గుర్తు ఉన్న తేలికపాటివి 4096 దాకా పడతాయి.

ఇక లోడింగ్ స్క్రీన్. పొగ కదులుతూనే ఉంటుంది, బొమ్మ తిప్పితే తిరుగుతూనే ఉంటుంది, గేమ్ మాత్రం తెరుచుకోదు. తప్పు సేవ్‌దా, మాడ్‌లదా అని తేల్చడానికి ఒక పని చేయండి. మెయిన్ మెనూలోనే, కీబోర్డులో ఒకటి అంకెకి ఎడమ పక్కనున్న కీ నొక్కి కన్సోల్ తెరిచి, సీఓసీ అని, ఖాళీ వదిలి రివర్‌వుడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఊరు మామూలుగా తెరుచుకుంటే మీ మాడ్‌లు దాదాపు బాగున్నట్టే, అనుమానం సేవ్ మీదకి వెళ్తుంది. అక్కడి నుంచే మీ సేవ్ లోడ్ చేసి చూడండి, మెనూ నుంచి రానిది ఒక్కోసారి ఇలా వచ్చేస్తుంది. రివర్‌వుడ్ కూడా తెరుచుకోకపోతే యానిమేషన్ల వైపు చూడాలి. కొత్త యానిమేషన్ మాడ్ వేసి, యానిమేషన్లని గేమ్‌కి కలిపే నెమెసిస్‌నో పండోరానో మళ్లీ నడపకపోతే గేమ్ లోడ్‌లోనే ఆగిపోవచ్చు, లేదా తెరుచుకున్నా మనుషులందరూ రెండు చేతులూ చాచి బొమ్మల్లా నిలబడతారు. ఎక్స్‌పీఎమ్‌ఎస్‌ఎస్‌ఈ అనే మాడ్ ఇచ్చే స్కెలిటన్‌ని (పాత్రల అస్థిపంజరం ఫైల్) ఇంకే మాడ్ అయినా తొక్కేస్తోందేమో కూడా చూడండి.

ఆడుతుండగా వచ్చే క్రాష్‌లకి మాత్రం ఊహలు కట్టిపెట్టి క్రాష్ లాగర్ అనే మాడ్ వేయాల్సిందే. వేశాక గేమ్ పడిపోయిన ప్రతిసారీ డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ కింద, స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ ఫోల్డర్ లోపల ఎస్‌కేఎస్‌ఈ అనే ఫోల్డర్‌లో ఒక లాగ్ ఫైల్ పడుతుంది. తెరవగానే పైన యాక్సెస్ వయొలేషన్ అని, పక్కన పొడుగాటి అంకెలు ఉంటాయి, వాటిని చూసి కంగారుపడకండి, దాదాపు ప్రతి క్రాష్‌కీ ఆ మాటే వస్తుంది. కిందికి దిగి కాల్ స్టాక్ (పడిపోయే ముందు నడిచిన కోడ్ జాబితా) చూడండి, అందులో గేమ్ పేరు కాకుండా ఏదైనా మాడ్ డీఎల్‌ఎల్ పేరు పై వరుసల్లోనే ఉంటే మొదటి అనుమానం దాని మీదే. లేకపోతే ఇంకా కిందున్న రిజిస్టర్లు, స్టాక్ భాగంలో నిఫ్ ఫైళ్ల (వస్తువుల 3డీ ఆకారాలు) పేర్లు, ఈఎస్‌పీ (ప్లగిన్) పేర్లు, ఎనిమిది అక్షరాల ఫామ్ ఐడీలు (గేమ్‌లో ప్రతి వస్తువుకీ ఉండే నంబర్లు) కనబడతాయి. ఒకే చెట్టు నిఫ్ పేరు మళ్లీ మళ్లీ వస్తోందనుకోండి, మాడ్ ఆర్గనైజర్ కుడి పక్క డేటా ట్యాబ్‌లో ఆ పేరు వెతికితే అది ఏ మాడ్ నుంచి వస్తోందో తెలిసిపోతుంది.

ఫామ్ ఐడీలో మొదటి రెండు అక్షరాలు ప్లగిన్ నంబరు, మాడ్ ఆర్గనైజర్ కుడి పక్క జాబితాలో ఇండెక్స్ కాలమ్‌లో ఉండేది అదే. ఎఫ్‌ఈ అని మొదలైతే అది ఈఎస్‌ఎల్ ప్లగిన్, తర్వాతి మూడు అక్షరాలూ కలిపి చూడాలి. ఎఫ్‌ఎఫ్ అయితే గేమ్ ఆడుతుండగా పుట్టిన వస్తువు, ఏ ప్లగిన్‌లోనూ దొరకదు. రెండు సున్నాలతో మొదలైతే అసలు గేమ్‌దే, కానీ అంతటితో మాడ్‌లని వదిలేయకండి, ఆ ఐడీని ఎస్‌ఎస్‌ఈ ఎడిట్ అనే ప్లగిన్లు చూసే ప్రోగ్రామ్‌లో తెరిస్తే చివరగా దాన్ని మార్చిన ప్లగిన్ ఏదో కుడి చివర కాలమ్‌లో ఉంటుంది. ఒక్క లాగ్ చూసి తీర్పు చెప్పేయకూడదు, రెండు మూడు లాగ్‌లు పక్కపక్కన పెట్టి అన్నింట్లో ఉన్న పేరు పట్టుకోండి.

లాగ్ ఏమీ తేల్చకపోతే సగం సగం పద్ధతి ఉండనే ఉంది. మాడ్ ఆర్గనైజర్‌లో ప్రొఫైల్ కాపీ చేసుకుని, అందులో సగం మాడ్‌లు ఆపి, కొత్త గేమ్‌తో అదే చోటికి వెళ్లి చూడండి. క్రాష్ వస్తే తప్పు మిగిలిన సగంలో ఉంది, రాకపోతే ఆపిన వాటిలో. మళ్లీ దాన్ని సగం చేయండి. ఒక మాడ్‌ని ఆపినప్పుడు దాని మీద ఆధారపడినవీ ఆపాలి, లేదంటే మిస్సింగ్ మాస్టర్ క్రాష్ వచ్చి లెక్క మొత్తం తప్పుతుంది. ఈ పరీక్షలు అసలు సేవ్ మీద మాత్రం చేయకండి. లూట్ అనే ప్రోగ్రామ్ నడిపితే అన్నీ సర్దుకుంటాయని కొందరు చెబుతారు కానీ, అది సర్దేది ప్లగిన్ల వరుసనే, టెక్స్చర్లు (వస్తువుల మీది బొమ్మలు), మెష్‌లు (ఆకారాలు) ఒకదాన్నొకటి తొక్కేయడం మాడ్ ఆర్గనైజర్ ఎడమ పక్క జాబితా సంగతి, అది మీరే చూసుకోవాలి.

ఎక్కడ పడితే అక్కడ, ముఖ్యంగా ఓ గంట ఆడాక పడిపోతుంటే మెమరీ వైపు చూడండి. 1.5.97 వాళ్ల లాగ్‌లలో డీ6డీడీడీఏ అనే చిరునామా తరచూ కనబడుతుంది, మెమరీ చాలకపోతే వచ్చేది అదే, పాడైన మెష్ వల్ల కూడా రావచ్చు. విండోస్ పేజ్ ఫైల్‌ని (మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) ఎస్‌ఎస్‌డీ మీద కనీసం 20480, గరిష్ఠం 40960 ఎంబీగా పెట్టి చూడండి, చాలామందికి దీంతోనే పోతుంది. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని గిన్నెలకీ చీపుళ్లకీ కూడా 4కే టెక్స్చర్లు వేస్తే ఏ చిట్కా పనిచేయదు, 1కే చాలు, నడుస్తూ చూస్తే తేడా కనబడదు. గేమ్ లోపాలు సరిచేసే ఇంజిన్ ఫిక్సెస్ మాడ్ తప్పకుండా ఉండాలి, దాని రెండో భాగం ఫైళ్లు గేమ్ అసలు ఫోల్డర్‌లోనే పెట్టాలి, మాడ్ మేనేజర్‌తో వేస్తే అవి డేటా ఫోల్డర్‌లోకి పోయి పనిచేయవు.

అన్నీ చేసినా పాత సేవ్ ఒక్కటే మొరాయిస్తుంటే, ఆట మధ్యలో స్క్రిప్టులున్న మాడ్ ఏదైనా తీసేశారేమో గుర్తు చేసుకోండి. తీసేసిన మాడ్ స్క్రిప్టులు సేవ్‌లో అలాగే ఉండిపోతాయి. రీసేవర్ అనే సేవ్ ఎడిటర్‌తో ఆ అనాథ స్క్రిప్టులు ఊడ్చేయొచ్చు, ఒక కాపీ పక్కన పెట్టుకునే చేయండి. అయినా ప్రతిసారీ కుదురుతుందన్న గ్యారంటీ లేదు, కుదరకపోతే ఆ మాడ్ తీయకముందు నాటి సేవ్‌కి వెళ్లిపోవడమే మంచిది.