లాటిన్ ఊళ్ళ పేర్లు, 4వ పాఠం: అథేనై దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం

పోయిన పాఠంలో "ఊళ్ళో" అనాలంటే ఊరి పేరును షష్ఠీ విభక్తిలో పెట్టండి అన్నాను. రోమ నుంచి రోమై, కొరింథుస్ నుంచి కొరింథీ, అందరికీ వచ్చేశాయి. "అథేన్స్‌లో" అనమంటే మాత్రం చాలామంది 'అథేనారుమ్' రాశారు. తప్పు మీది కాదు. సూత్రం సగమే చెప్పాను.

లాటిన్‌కు ఒకప్పుడు సంస్కృతంలాగే సప్తమి ("లో" అనే అర్థమిచ్చే విభక్తి) ఉండేది. అది అరిగిపోయి ఊళ్ళ పేర్లలో, చిన్న దీవుల పేర్లలో, 'దొమీ' (ఇంట్లో) లాంటి కొద్ది మాటల్లో మిగిలింది. మొదటి రెండు శబ్దవర్గాల (రోమ, కొరింథుస్ లాంటి మాటల) ఏకవచనంలో అది షష్ఠిలా కనిపిస్తుంది. బహువచనంలో పంచమిలా ("నుంచి" అనే రూపంలా) ఉంటుంది. మూడో వర్గంలో కూడా మామూలుగా అంతే: కర్థాగో (కార్తేజ్ నగరం), కర్థాగినె. 'కర్థాగినీ' అని కూడా చూస్తారు. నేను మొదటిదే రాస్తాను.

అథేనై పేరే బహువచనం. ఇక్కడే అందరూ పడతారు. రోమై అంటే "రోములో". అథేనై అంటే ఉత్త "అథేన్స్", ప్రథమా విభక్తి. సిరాకూసై (సిరక్యూజ్ నగరం) కూడా అంతే. చివర 'ఐ' వినపడగానే "లో" అనుకోకండి. ముందు ఆ పేరు ఏకవచనమో బహువచనమో చూడండి, తర్వాతే విభక్తి. "అథేన్స్‌కు" అంటే అథేనాస్. "అథేన్స్‌లో" అన్నా, "అథేన్స్ నుంచి" అన్నా అథేనీస్. మరి తేడా ఎలా తెలుస్తుంది? క్రియను బట్టి. 'అథేనీస్ హబితత్', అక్కడ ఉంటున్నాడు. 'అథేనీస్ వెనిత్', అక్కడి నుంచి వస్తున్నాడు. డెల్ఫీకి డెల్ఫీస్ కూడా ఇలాగే.

"గుంటూరు వెళ్తున్నా" అని మనం 'కి' వదిలేసినట్టే, లాటిన్‌లో ఊరి పేరు ముందు 'ఇన్' (లో) రాదు. దేశమైతే వస్తుంది: ఇన్ ఇతలియా. 'ఉర్బ్స్' (నగరం) అనే మాట చేరినా వస్తుంది: ఇన్ ఉర్బె రోమా.

లాటిన్ అచ్చు పుస్తకాల్లో ఎక్కువగా దీర్ఘాల గుర్తులు వేయరు కాబట్టి రోమ (ప్రథమ), రోమా (రోము నుంచి) ఒకేలా కనిపిస్తాయి. నేను నోట్సు తెలుగు లిపిలోనే రాసుకుంటాను, ఆ చిక్కే ఉండదు. మీరూ అలాగే రాయండి.

పేర్ల పుట్టుక గురించి ఈసారికి ఒక్కటే. గ్రీకు నెయాపొలిస్, ఫినీషియన్ 'కర్త్ హదష్త్' నుంచి వచ్చిన కర్థాగో, రెండూ మన కొత్తూరే. స్పెయిన్‌లోని కర్థాగో నొవ అంటే కొత్త కొత్తూరు!

అభ్యాసం: సిరాకూసైలో పుట్టి, కర్థాగోలో పెరిగి, కొరింథుస్ నుంచి అథేన్స్‌కు, అక్కడి నుంచి రోముకు వెళ్ళి, చివరికి ఇటలీ వదిలేసిన వ్యాపారి కథను ఒక్క వాక్యంలో రాయండి. ప్రతి దీర్ఘమూ కనపడాలి.